తడిపి ఆరేసే మొక్క

గృహప్రవేశానికో పుట్టినరోజుకో ఎవరో ఒక ఆర్కిడ్ కుండీ తెచ్చి చేతిలో పెడతారు. వంపు తిరిగిన కాడ, దాని మీద సీతాకోకచిలుకలు వరసకట్టి వాలినట్టు ఎనిమిదో పదో పూలు. రెండు నెలలైనా వాడవు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ నిజం పువ్వా, ప్లాస్టిక్కా అని ముట్టుకు చూస్తారు. ఆ తర్వాత పూలు రాలతాయి. కొన్నాళ్ళకి ఆకులు మెత్తబడి వేలాడతాయి. అయ్యో, ఎండిపోతోందే అని ఇంకో గ్లాసు నీళ్ళు పోస్తాం. నెల తిరిగేసరికి మొదలు నల్లబడి, ఆకులు ఒక్కొక్కటే ఊడి చేతికొస్తాయి. “మా ఇంటికి ఆర్కిడ్ అచ్చిరాదు” అని తేల్చేసి, అదే కుండీలో మనీప్లాంటు గుచ్చేస్తాం.

నా మొదటి ఆర్కిడ్ కథ కూడా ఇదే. తులసికి పోసిన చేత్తోనే దానికీ రోజూ పొద్దున్నే ఓ చెంబుడు పోశాను. చచ్చాక పీకి చూస్తే, వేర్లు ఉడికిన సేమ్యాలాగా ఉన్నాయి. వేలితో నొక్కితే పైతోలు జారిపోయి లోపల దారం మిగిలింది. కుండీ అడుగున మాత్రం నీళ్ళు నిలిచే ఉన్నాయి. దాహంతో పోయిందనుకున్న మొక్క నీళ్ళలో మునిగి, ఊపిరాడక పోయింది.

ఆర్కిడ్ పెంపకంలో ఇంతకన్నా పెద్ద రహస్యం లేదు. దాని వేరుకి తడి కావాలి, తడి వెంటనే గాలి కావాలి. ఎప్పుడు నీళ్ళు పోయాలి, ఎన్నాళ్ళకి కుండీ మార్చాలి, కుండీలో ఏం నింపాలి, ఏ నీళ్ళు వాడాలి అని మనం అడిగే ప్రశ్నలన్నీ చివరికి ఈ ఒక్క చోటికే వచ్చి ఆగుతాయి. ఉతికిన బట్టని తడిపి దండెం మీద ఆరేసినట్టు ఈ మొక్క వేరుని తడిపి ఆరనివ్వాలి. అదెందుకో తెలిస్తే మిగతాదంతా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

చెట్టు మీద కాపురం

మన పల్లెల్లో పాత మామిడి తోటల్లోకి వెళ్ళి కొమ్మల సందుల్లోకి చూస్తే, అక్కడక్కడ దళసరి ఆకులతో, గాల్లోకి వేలాడే తెల్లటి లావుపాటి వేర్లతో ఒక మొక్క కనిపిస్తుంది. చెట్టు మీద పుట్టిన ఇలాంటివాటిని మనవాళ్ళు బదనిక అనేస్తారు. కానీ బదనికల్లో రెండు రకాలున్నాయి. చెట్టులోకి వేరు దించి దాని సారం పీల్చేవి కొన్ని. కొమ్మని పీటలా వాడుకుని కూర్చుని, తిండీ నీరూ తమ పాట్లు తాము పడేవి కొన్ని. ఆర్కిడ్లు రెండో రకం. వాన, మంచు, ఆకుల మీంచి కారిన నీళ్ళు, బెరడు పగుళ్ళలో చేరిన దుమ్మూ చెత్తా వాటి ఆస్తి. చెట్టు నుంచి అవి తీసుకునేది చోటు మాత్రమే.

ఈ మామిడి చెట్టు ఆర్కిడ్‌కి మన నేలతో పాత చుట్టరికం ఉంది. 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. 1795లో మొదలైన ఆ మొదటి సంపుటంలోనే ఈ మొక్క బొమ్మ ఉంది. ఆయన దానికి పెట్టిన పేరు ఎపిడెండ్రం టెస్సెల్లేటం. మొదటి మాటకి గ్రీకులో ‘చెట్టు మీద’ అని అర్థం. రెండో మాట రేకుల మీది గళ్ళ గురించి. తర్వాత అది వాండా జాతిలో చేరింది. ఆ వాండా అనే మాట మన సంస్కృతపు ‘వందా’ నుంచి పోయిందే. నర్సరీలో దొరికే డెండ్రోబియం పేరుకి కూడా గ్రీకులో ‘చెట్టు మీద బతికేది’ అని అర్థం. అంటే ఎలా పెంచాలో పేర్లలోనే రాసి పెట్టారు. మనమే చదువుకోకుండా మట్టికుండలో పాతిపెడుతున్నాం.

నేలలో పెరిగే ఆర్కిడ్లు కూడా ఉన్నాయి. మనం ఇంట్లో ఎక్కువగా పెంచే ఫెలనాప్సిస్, డెండ్రోబియం, వాండా, కాట్లేయా రకాలు మాత్రం చెట్టు మీద కాపురం ఉండేవే. వాటికి ఎర్రమట్టి, నల్లమట్టి, పశువుల ఎరువు కలిపిన మట్టి ఏదీ పనికిరాదు. కొమ్మ మీద వేరుకి వాన వచ్చినప్పుడు నిలువునా స్నానం. వాన ఆగిన గంటకో రెండు గంటలకో గాలికి ఆరిపోవడం. కోట్ల ఏళ్ళుగా దానికి తెలిసిన జీవితం అది.

ఈ సంగతి తెలియక నష్టపోయింది మనమొక్కళ్ళమే కాదు. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండు ధనవంతులకి ఆర్కిడ్ల పిచ్చి పట్టింది. ఉష్ణమండలపు మొక్క కదా అని గాజు ఇళ్ళని గట్టిగా మూసేసి, లోపల పొయ్యిలు మండించి, ఆవిరి పట్టించారు. ఓడల మీద తెచ్చిన మొక్కలు లెక్కలేనన్ని చచ్చిపోయాయి. 1830ల్లో చాట్స్‌వర్త్ ఎస్టేటు తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ ఆ వేడి తగ్గించి, లోపలికి గాలి ఆడనిచ్చి పెంచడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. 1851లో లండన్ ప్రదర్శన కోసం క్రిస్టల్ ప్యాలెస్ అనే గాజు మేడకి రూపకల్పన చేసింది కూడా ఆయనే. గాజు ఇల్లు కట్టడంలో అంత మొనగాడికి, తలుపు ఎప్పుడు తెరవాలో కూడా తెలుసన్నమాట.

వేరు మాట్లాడుతుంది

ఆర్కిడ్ వేరుని ఒకసారి దగ్గరగా చూడండి. మామూలు మొక్క వేరులా సన్నగా నూగుగా ఉండదు. ముట్టుకుంటే లావుగా, బిరుసుగా ఉంటుంది. దాని చుట్టూ వెలమెన్ అనే తొడుగు ఉంటుంది. అది చచ్చిన కణాల పొర, లోపలంతా బోలు. స్పాంజిలాగా నీటిని చటుక్కున పీల్చుకుని, లోపలి సజీవ భాగానికి నెమ్మదిగా అందిస్తుంది. పొడిగా ఉన్నప్పుడు ఆ బోలు గదుల నిండా గాలి కాబట్టి వేరు వెండిలా తెల్లగా మెరుస్తుంది. తడిసినప్పుడు తొడుగు అద్దంలా మారి, లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది. అవును, చాలా ఆర్కిడ్ల వేర్లలో పత్రహరితం ఉంటుంది. వెలుతురు తగిలితే అవి కూడా ఆకుల్లా ఎంతో కొంత వంట చేసుకుంటాయి. ఫెలనాప్సిస్‌ని పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీలో అమ్మేది అందం కోసం అనుకోకండి. లోపలి వేరు రంగు మనకి కనపడడం దానివల్ల మనకి దక్కే లాభం.

వెండి రంగు అంటే నీళ్ళు కావాలని, ఆకుపచ్చ రంగు అంటే ఇప్పుడొద్దని వేరు చెబుతోందన్నమాట. గోధుమ రంగుకి తిరిగి మెత్తబడితే కుళ్ళు మొదలైనట్టు. మెత్తబడకుండా కాస్త గోధుమ రంగుగా, గట్టిగా ఉంటే కంగారు అక్కర్లేదు. వెలుతురు తగలని వేరు, నింపిన సరుకు మరక పట్టిన వేరు అలాగే ఉంటుంది. అనుమానం వస్తే రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి చూడండి. బతికిన వేరు గట్టిగా నిలుస్తుంది.

ఇక్కడే అందరూ పడే గోతి ఒకటుంది. వేరు కుళ్ళితే నీరు పైకెక్కదు. నీరెక్కకపోతే ఆకు ముడతలు పడి వేలాడుతుంది. నీళ్ళు చాలకపోయినా అచ్చం ఇలాగే ఉంటుంది. అందుకని ఆకుని చూసి నీళ్ళు పోస్తే సగం సార్లు మునిగిపోతున్న మొక్క మీదే ఇంకో చెంబు గుమ్మరిస్తున్నట్టు. ఆకు ఫిర్యాదు చేస్తే తీర్పు ఇచ్చే ముందు వేరు వాంగ్మూలం కూడా వినాలి.

ఎప్పుడు పోయాలి

“వారానికి ఎన్నిసార్లు?” అని అందరూ అడుగుతారు. ఈ ప్రశ్నకి అంకెతో జవాబు చెప్పినవాళ్ళని నమ్మకండి. మే నెల హైదరాబాదు వడగాలి వేరు, అదే మే నెల విశాఖ ఉక్కపోత వేరు. ఆగస్టు ముసురులో రెండు చోట్లా నాలుగు రోజులైనా కుండీ ఆరకపోవచ్చు. ఏసీ గదిలో గాలి పొడిబారి ఉంటుంది. కాబట్టి క్యాలెండరుని పక్కన పెట్టి మొక్కనే అడగడానికి మూడు దారులున్నాయి.

మొదటిది, ఇందాక చెప్పుకున్న వేరు రంగు. రెండోది బరువు. గ్యాస్ సిలిండరు అయిపోతోందేమో అని కదిపి చూస్తాం కదా, ఇదీ అంతే. నీళ్ళు పోసిన వెంటనే ఒకసారి కుండీ ఎత్తి చూడండి. రోజూ ఓసారి ఎత్తుతుంటే, వారం తిరిగేసరికి ఎంత తేలికైతే నీళ్ళు కావాలో చేతికే తెలిసిపోతుంది. మూడోది పుల్ల. సన్నటి వెదురు పుల్లని కుండీ మధ్యదాకా గుచ్చి పది నిమిషాలు ఉంచి బయటికి తీయండి. పుల్ల తడిగా, చల్లగా తగిలితే ఆగండి. పైన పొడిగా కనిపించినా నడిమధ్యలో తడి దాగి ఉంటుంది. కుళ్ళు మొదలయ్యేది కూడా ఆ నడిమధ్యలోనే.

మీ దగ్గరున్నది ఏ ఆర్కిడ్ అన్నది కూడా ముఖ్యం. ఫెలనాప్సిస్‌కి నీరు దాచుకునే దుంపలూ గడలూ లేవు, ఉన్నవల్లా దళసరి ఆకులు, లావు వేర్లు. పూర్తిగా ఎండబెట్టకూడదు, నానబెట్టకూడదు. కుండీలో నింపిన సరుకు నాచైతే వారానికి ఒకసారి సరిపోవచ్చు, బెరడు ముక్కలైతే రెండు మూడు రోజులకే అడగొచ్చు. డెండ్రోబియంకి చెరకు గడల్లాంటి కాండాలు ఉంటాయి. అవే దాని నీళ్ళ ట్యాంకులు. కొత్త గడ ఎదుగుతున్న వానాకాలంలో బాగా తాగుతుంది, గడ ముదిరి చలికాలం వచ్చాక తగ్గించాలి. ఆకులు రాల్చేసిన పాత గడని ఎండిపోయిందని కోసేయకండి. అందులో నీరూ తిండీ దాచి ఉంటాయి, ఒక్కోసారి దాని కొస నుంచే మళ్ళీ పూలొస్తాయి. వాండాని ఏ సరుకూ లేకుండా చెక్క బుట్టలో వేర్లు వేలాడేలా కడతారు. దాని వేర్లు గంటలో ఆరిపోతాయి కాబట్టి రోజూ స్నానం తప్పదు, నడివేసవిలో రెండుసార్లు కూడా. ఊళ్ళకి తరచూ వెళ్ళేవాళ్ళు వాండా జోలికి పోకపోవడమే మంచిది.

ఎలా పోయాలి

రోజూ కాసిని నీళ్ళు చిలకరించడం కన్నా, కావాల్సి వచ్చిన రోజున ఒక్కసారి నిండుగా తడపడం మేలు. సింకులో పెట్టి, కుళాయి సన్నగా వదిలి, అడుగు చిల్లుల్లోంచి నీళ్ళు ధారగా కారేదాకా పోయండి. ఓ పావుగంట ఆగి మళ్ళీ పోయండి. మొదటి విడత పొడిబారిన సరుకుని మెత్తబరిస్తే రెండో విడతని అది పీల్చుకుంటుంది. పాత ఎరువుల ఉప్పు కూడా ఆ ధారతో కొట్టుకుపోతుంది. పూర్తిగా ఓడ్చాకే కుండీని యథాస్థానంలో పెట్టాలి.

అసలు హంతకుడు చాలాసార్లు పై కుండీ. లోపల చిల్లుల ప్లాస్టిక్ కుండీ, దాని బయట చిల్లు లేని తెల్లటి పింగాణీ కుండీ పెట్టి అమ్ముతారు. మనం పోసినదంతా ఆ పింగాణీ అడుగున చేరి నిలుస్తుంది. నా మొదటి ఆర్కిడ్ పోయింది అందులోనే. అందం కోసం ఉంచుకోవాలంటే ఉంచుకోండి. నీళ్ళు పోసేటప్పుడు మాత్రం లోపలి కుండీని బయటికి తీసి, ఓడ్చి, మళ్ళీ దించండి.

పొద్దున పూటే పోయాలి. ఫెలనాప్సిస్ లాంటి ఆర్కిడ్లు పగలు నీరు పోకుండా ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటాయి. ఎడారి మొక్కలకి ఉన్న నేర్పే ఇది. పొద్దున పోస్తే ఆ వేళకి ఆకులు ఆరిపోతాయి. రాత్రిపూట ఆకుల మీద, ముఖ్యంగా నడిమధ్య ఆకుల గూట్లో నీరు నిలిస్తే బూజూ బాక్టీరియా చేరతాయి. ఫెలనాప్సిస్‌కి పైనుంచి ఎదిగే మొలక ఒక్కటే. ఆ గూడు కుళ్ళితే మొక్కకి ఇక ఎదుగుదల లేనట్టే. గూట్లో నీళ్ళు పడితే టిష్యూ కాగితం మెలిపెట్టి ఒత్తి తీసేయండి. చెట్టు మీద ఇది పక్కకి వాలి, ఆకులు కిందికి వంగి పెరుగుతుంది, నీరు తనంతట తానే జారిపోతుంది. నిలువుగా కూర్చోబెట్టింది మనమే కాబట్టి ఆ జాగ్రత్త మనదే.

అమెరికాలో ఉన్న మన పిల్లలు “వారానికి మూడు ఐసు ముక్కలు పెడితే చాలు” అంటుంటారు. వినడానికి విడ్డూరంగా ఉన్నా, దాన్ని 2017లో ఒహాయో స్టేట్, జార్జియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు పరీక్షించి, బెరడులో పెరిగే ఫెలనాప్సిస్‌కి దానివల్ల హాని కనిపించలేదని చెప్పారు. ఇందులో ఐసు మహిమేమీ లేదు. మూడు ముక్కలంటే కొద్దిపాటి నీరు, అది నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి ఎక్కువ పోసే ప్రమాదం తప్పుతుంది. మన వేసవికి మాత్రం ఆ నీళ్ళు ఏ మూలకీ రావు, పేరుకున్న ఉప్పునీ కడగవు.

ఏ నీళ్ళు

బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొలుసు కట్టడం మనకి తెలిసిందే. అదే ఉప్పు వేరు తొడుగులోనూ పేరుకుంటుంది. వేరు కొసలు మాడడం, కుండీ అంచున తెల్లటి చార కట్టడం దాని గుర్తులు. నీటిలో కరిగిన లవణాలని కొలిచే చిన్న టీడీఎస్ మీటరు చాలా ఇళ్ళలో ఆర్వో కోసం ఉంటూనే ఉంది. దాంట్లో 200 లోపు వస్తే ఆర్కిడ్‌కి ఇబ్బంది లేదు. బోరు నీళ్ళు తరచు దానికి ఎన్నో రెట్లు చూపిస్తాయి. అన్నిటికన్నా మంచిది వాన నీరు, ఆపైన మున్సిపల్ నది నీరు. ఆర్వో నీళ్ళూ, బోరు నీళ్ళూ కలిపి కూడా వాడుకోవచ్చు.

అపార్ట్‌మెంటుల్లో ఉండేవాళ్ళు ఒక సంగతి గమనించాలి. బోరు నీళ్ళని మెత్తబరచడానికి పెట్టే సాఫ్ట్‌నర్ యంత్రానికి వాచ్‌మన్ బస్తాలకొద్దీ ఉప్పు పోస్తుంటాడు. ఆ యంత్రం నీటిలోని సున్నాన్ని తీసి, దాని బదులు సోడియం పెడుతుంది. సబ్బు నురగ బాగా వస్తుంది, జుట్టుకి మంచిది. మొక్కకి మాత్రం సున్నం కన్నా సోడియం చేటు. సాఫ్ట్‌నర్ దాటి వచ్చిన నీళ్ళు ఆర్కిడ్‌కి పోయకండి.

బియ్యం కడుగు, పాల గిన్నె కడిగిన నీళ్ళు మట్టిలో కరివేప మొక్కకి పోసే అలవాటు మంచిదే. అక్కడ వాటిని అరిగించుకునే మట్టి ఉంది. ఆర్కిడ్ కుండీలో మట్టి లేదు. గంజి అక్కడే పులిసి, బూజుకీ చిన్న దోమలకీ విందు అవుతుంది. ఎరువుల దుకాణంలో దొరికే 19:19:19 పొడిని లీటరుకి అర గ్రాము లోపే కలిపి, ఎదిగే రోజుల్లో వారానికోసారి, ముందు మామూలు నీళ్ళతో తడిపిన తర్వాత పోస్తే చాలు. నెలకోసారి ఎరువు మానేసి ఉత్త నీళ్ళతో బాగా కడగండి. కొమ్మ మీద దానికి దొరికేది ఎప్పుడూ పలచటి తిండే.

కుండీ ఎందుకు మార్చాలి

మామూలు మొక్కకి కుండీ చిన్నదైతే మారుస్తాం. ఆర్కిడ్‌కి కుండీ మార్చేది ముఖ్యంగా లోపలి సరుకు పాతబడినందుకు. కొత్తగా నింపిన బెరడు, కొబ్బరి డొక్క ముక్కల మధ్య బోలెడు ఖాళీలుంటాయి. ఆ ఖాళీల్లోని గాలే వేరుకి ఊపిరి. ఏడాదిన్నర, రెండేళ్ళకి ఆ ముక్కలు చివికి, పొడై, ఖాళీలు పూడిపోతాయి. అప్పటిదాకా సరిపోయిన కొలత నీళ్ళే ఇప్పుడు ముంచేస్తాయి. నీళ్ళు పోయడం ఏమీ మార్చలేదే, ఎందుకు కుళ్ళింది అని విస్తుపోయేవాళ్ళు చూడాల్సింది ఇక్కడే. నాచు ఇంకా త్వరగా చివుకుతుంది, ఏడాది దాటితే అనుమానించాలి.

వేర్లు కుండీ బయటికి పాకుతున్నంత మాత్రాన మార్చనక్కర్లేదు. గాలిలోకి వేరు చాపడం దాని స్వభావం. బయటి వేర్లని కత్తిరించకండి, బలవంతంగా లోపలికి దోపకండి. పోసిన నీళ్ళు ఇంకక పైనే నిలవడం, పుల్ల గుచ్చితే పుల్లటి కుళ్ళు వాసన రావడం, సరుకు చేతిలో నలిపితే పొడి కావడం, డెండ్రోబియం కొత్త గడ కుండీ అంచు దాటి బయట పడడం వంటివి అసలు గుర్తులు. నర్సరీ నుంచి తెచ్చిన ఫెలనాప్సిస్‌లో ఇంకో మోసం ఉంటుంది. పైకి బెరడు కనిపించినా, మొక్క నడుము కింద చిన్నప్పుడు నాటిన నాచు ఉండ అలాగే బిగుసుకుని ఉంటుంది. చుట్టూ ఆరిపోయినా అది ఆరదు. మొదటిసారి కుండీ మార్చినప్పుడు దాన్ని తప్పక తీసేయాలి.

పూలు ఉండగా మార్చకూడదు, ఉన్న పూలు రాలిపోతాయి. నడివేసవిలో కూడా వద్దు. కొత్త వేర్ల కొసలు పచ్చగా తొంగిచూస్తున్నప్పుడు మారిస్తే మొక్క గాయం ఇట్టే మానుతుంది. మన దగ్గర డెండ్రోబియంకి తొలకరి తర్వాత జూన్, జులై మంచి అదను. ఫెలనాప్సిస్ కొన్ని వారాలు 25 డిగ్రీల లోపు చల్లదనం తగిలితే పూకాడ వేస్తుంది. అందుకే మన ఇళ్ళలో అది చలికాలంలో కాడ వేసి, ఎండలు ముదిరేదాకా పూస్తుంది. దానికీ పూలయ్యాక, తొలివానలతో గాలి చల్లబడ్డప్పుడు మార్చడం సుఖం. వేరు కుళ్ళిందని తెలిస్తే మాత్రం ముహూర్తం చూడకండి, ఆ రోజే విప్పేయండి.

చేతిపని

ముందుగా సరుకు సిద్ధం చేసుకోవాలి. డెండ్రోబియంకి ఇస్త్రీకి వాడే కట్టె బొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు చాలు. బొగ్గు రెండు పాళ్ళు, మిగతావి ఒక్కో పాలు తీసుకోండి. ముక్కలు ఉసిరికాయంత ఉండాలి. ఫెలనాప్సిస్‌కి కుంకుడుకాయంత పైన్ బెరడు, కాస్త బొగ్గు, హైదరాబాదులాంటి పొడి ఊళ్ళలో అయితే గుప్పెడు నాచు. తడిగాలి ఉండే కోస్తాలో నాచు లేకపోయినా నడుస్తుంది. కొబ్బరి డొక్కకి ఉప్పు, వగరు రెండూ ఉంటాయి. రెండు మూడు రోజులు నానబెట్టి, రంగు దిగడం ఆగేదాకా నీళ్ళు మారుస్తూ కడగాలి. బొగ్గునీ ఇటుకనీ దుమ్ము పోయేలా కడిగి, నానబెట్టి వాడాలి.

మొక్కని కుండీతో సహా అరగంట నీళ్ళలో ఉంచండి. తడిసిన వేరు వంగుతుంది, పొడి వేరు విరుగుతుంది. ప్లాస్టిక్ కుండీ అయితే చుట్టూ నొక్కి వదులు చేసి బయటికి లాగండి. మట్టికుండకి వేర్లు అతుక్కుపోతే పల్చటి చాకు దూర్చి విడదీయండి, కాకపోతే కుండనే పగలగొట్టండి. కుండకి ఇంకో కుండ దొరుకుతుంది. పాత సరుకంతా వేళ్ళతో విదిల్చి, కుళాయి కింద కడగండి.

ఇప్పుడు కత్తెర. స్టవ్ మంట మీద కొనలు కాల్చి, చల్లార్చి వాడాలి. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి పోయేముందు మళ్ళీ కాల్చాలి. ఆర్కిడ్లకి వచ్చే మొజాయిక్ వైరస్‌లు కత్తెర మీది రసంతోనే పాకుతాయి, వాటికి మందు లేదు. మెత్తగా, బోలుగా ఉన్న వేరుని గట్టి భాగం వచ్చేదాకా కోసేయండి. గట్టిగా ఉన్నది ఎంత వంకరగా ఉన్నా వదిలేయండి. కోసిన చోట వంటింటి దాల్చినచెక్క పొడి కొంచెం అద్దితే గాయం త్వరగా ఆరి బూజు పట్టదు. బాగున్న వేర్ల మీద మాత్రం చల్లకండి, వాటినీ ఎండగట్టేస్తుంది. ఆకుల సందుల్లో పిండినల్లి ఉంటే ఇదే అదను, స్పిరిట్ అద్దిన దూదితో తుడిచేయండి.

కొత్త కుండీ వేర్లకి సరిపోవాలి, ఆకులకి కాదు. పిల్లాడికి ఏడాది తర్వాత సరిపోయే చొక్కా కొన్నట్టు పెద్ద కుండీ పెడితే, వేరు చేరని చోట నీరు నిలిచి అక్కడి నుంచే కుళ్ళు మొదలవుతుంది. పక్కల కూడా చిల్లులున్న మట్టికుండలు దొరికితే డెండ్రోబియంకి వాటిని మించినవి లేవు. ఫెలనాప్సిస్ నిలువుగా ఒకే మొలకతో ఎదుగుతుంది కాబట్టి కుండీ నడిమధ్యలో పెట్టండి. డెండ్రోబియం, కాట్లేయా పక్కకి నడిచే రకాలు. పాత గడల వీపు కుండీ అంచుకి ఆనించి, కొత్త గడ ముందు ఖాళీ వదలండి. ముక్కలు వేస్తూ కుండీని తట్టండి, చేత్తో అదిమి కూరకండి. మొదలు పైకే ఉండాలి, పూడ్చకూడదు. మొక్క ఊగకుండా ఒక పుల్లకి కట్టండి. ఊగుతుంటే కొత్తగా వచ్చే లేత వేరు కొసలు రాసుకుని చచ్చిపోతాయి.

కుండీ మార్చిన రోజునే నీళ్ళు గుమ్మరించకండి. కోసిన వేర్ల గాయాలు మానడానికి నాలుగైదు రోజులు నీడలో ఉంచి, గాలి మరీ పొడిగా ఉంటే ఆకుల కింద పొగమంచులా చిలకరించండి, చాలు. తర్వాత మామూలు తడుపు మొదలుపెట్టండి. ఎరువు మూడు నాలుగు వారాలదాకా వద్దు. ఈలోగా కింది ఆకు ఒకటి పండి రాలితే బెంగపడకండి. డెండ్రోబియం గడ మీద చిన్న మొక్క పుట్టి, దానికే సొంత వేర్లు వస్తే అది పిలక. వేర్లు రెండు అంగుళాలు దాటాక కోసి వేరే పెట్టుకోవచ్చు. ఆర్కిడ్లు పెంచేవాళ్ళు ప్రపంచమంతటా దాన్ని ‘కెయికి’ అంటారు. హవాయి భాషలో పసిబిడ్డ అని అర్థం.

కుండీ లేని దారి

పెరట్లో మామిడి చెట్టో కొబ్బరి చెట్టో ఉన్న అదృష్టవంతులకి కుండీ మార్చే బాధ అసలే తప్పిపోతుంది. తొలకరి రోజుల్లో డెండ్రోబియంనో వాండానో చెట్టు మొదలుకి, తూర్పు వెలుతురు తగిలే వైపున, కొంచెం కొబ్బరి పీచు ఆనించి నూలు తాడుతో కట్టండి. తాడు చివికేలోగా వేర్లు బెరడుని పట్టేసుకుంటాయి. అక్కడ నీళ్ళు నిలవవు, సరుకు చివకదు. మొదటి రెండు వేసవులు నీళ్ళు చల్లుతూ కాచుకుంటే తర్వాత చెట్టే చూసుకుంటుంది. అయితే దానికోసం అరకు, పాడేరు అడవుల్లో కొమ్మల మీది ఆర్కిడ్లని పీక్కురాకండి. అడవి నుంచి తెచ్చినవి ఇళ్ళలో చాలావరకు బతకవు. నీలి వాండా వంటి కొన్ని అడవి రకాలకి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్ష కూడా ఉంది. నర్సరీ పిల్లమొక్కలు ప్రయోగశాలల్లో పుట్టి, కుండీ బతుకుకి అలవాటుపడి వస్తాయి.

అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో ఉండే నాకు ఆ చెట్టు లేదు. తూర్పు బాల్కనీలో, పింగాణీ కుండీ తీసేసిన ఒక ఫెలనాప్సిస్, పక్కన పగిలిన కుండలోంచి కొత్త కుండలోకి మారిన ఒక డెండ్రోబియం ఉన్నాయి. పొద్దున్నే తులసికి పోసి, చెంబులో మిగిలిన నీళ్ళతో వాటి దగ్గరికి వెళ్తాను. చాలా రోజులు వేర్లు పచ్చగా ఉంటాయి. ఆ నీళ్ళు మళ్ళీ తులసికే పోసి వచ్చేస్తాను.